సరస్వతమ్మ గోడ వెనక

పోయిన నెల మా బాపు పాత భూమి కాగితాలు తెచ్చి నా ముందు పడేశాడు. మాకు మిగిలిన కాస్త చెలక మీదుగా కొత్త రోడ్డు పోతుందట, పాత పహాణీ చూపించాలట. కాగితం మడతల దగ్గర చిరిగిపోయి, ఏళ్లతరబడి రేకు పెట్టెలో మగ్గిన వాసన వేస్తోంది. అందులో ఉన్నదంతా ఉర్దూ.

“పహాడీషరీఫ్‌ల చదివేటోళ్లు దొరుకుతరా? మీ ఆఫీసుల ఎవరన్న సాయబులున్నరా?” అని అడిగాడు.

నేను కాగితాన్ని నా వైపు తిప్పుకుని, కుడి అంచున వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాను. మా ముత్తాత పేరు. ఆయన తండ్రి పేరు. ఖుష్కీ, అంటే మెట్ట భూమి. ఆ తర్వాత ఒక బావి.

బాపు కాగితం మీదికి వంగాడు. “నీకెట్లొస్తది ఇది?”

“తాత నేర్పిండు.”

“ఎప్పుడు?”

“నువ్వు మా బడి మీదికి పదిమందిని ఏసుకొని వచ్చినవు సూడు, గా యేడు.”

ఆయన కారు తాళాలు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. నేను ఇంట్లో రోజుకు నాలుగు మాటలకు మించి మాట్లాడే మనిషిని కాను. చెప్పాల్సింది ఏదైనా ఉంటే నోటుబుక్కులో రాసుకుంటాను. ఈ ఒక్క మాటను మాత్రం ఇన్నేళ్లు నోట్లోనే ఉంచుకుని నమిలాను. ఉమ్మేశాక కూడా నోరు చేదుగానే ఉంది.

అప్పట్లో మా ఊరికి విమానాలు కొత్త. అవి ఇళ్ల మీదుగా కిందికి దిగుతుంటే రేకులు అదిరేవి. మా బాపు తల్లి, మేమంతా బాపమ్మ అని పిలిచే ఆమె, చేతిలో పని ఆపి పైకి చూసి తిట్టేది. ఆమె లెక్కలో విమానం నడిపేవాడు ప్రతి ఒక్కడూ మా ద్రాక్షతోట తిన్న దొంగే. ఇప్పుడు విమానాలు పరుగెత్తే చోట ఎక్కడో మా తోట ఉండేదట. నాకు తోట గుర్తు లేదు, దాని వాసన గుర్తుంది. మందు కొట్టే పాత పంపు మా పశువుల కొట్టంలోనే ఉండిపోయింది. మూత తీస్తే తుత్తం, సున్నం కలిసిన ఘాటు వాసన ముక్కు పట్టేది. పశువులు లేవు, తోట లేదు, పంపు ఉంది. ఎవరూ దాన్ని పారేయనివ్వలేదు.

తోట పోయాక బాపు కారు కొని ఎయిర్‌పోర్టుకు కిరాయిలు తోలేవాడు. తన పొలం మీదికే బండి తోలుకుపోయి, తన పొలంలోనే నిలబడి, ఎవరో సూట్‌కేసుతో బయటికి వస్తారని ఎదురు చూసేవాడు. ఆ కోపాన్ని విమానం మీద చూపలేడు. కనుక మనుషుల మీద చూపేవాడు. ఊళ్లోకి కొత్తగా దిగిన ప్రతివాళ్ల మీదా, మరీ ముఖ్యంగా మా ఇంటి వెనక రేకుల గదుల్లో కిరాయికి చేరిన సాయబుల మీదా. వాళ్లు మా భూమి తీసుకోలేదు. అది ఆయనకూ తెలుసు. తెలిసి చూపే కోపం మరింత చెడ్డది.

తాతది వేరే లోకం. పొద్దున్నే జొన్నరొట్టె, ఉల్లికారం తిని, బస్సెక్కి షంషాబాద్ పోయి, చాయ్ హోటల్లో ఉర్దూ పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవాడు. పాతబడిన పేపర్లు చంకలో పెట్టుకుని వచ్చేవాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు. ఆయన చదువుకున్న కాలంలో బడి అంటే ఉర్దూయే. సెలవు రోజుల్లో బస్సు మీది బోర్డు చదవడానికి నన్ను వెంటపెట్టుకుని రోడ్డు మీదికి పోయేవాడు.

“ఆరాంఘర్‌దేనా బిడ్డా ఇది?”

“కాదు తాతా. ఇది అటు పోదు.”

“ఇంటి గోడ మీద సొంత పేరు రాస్తే సదువరాదు గని, పేపరు మొత్తం మింగుతడు,” అని బాపమ్మ వెక్కిరించేది.

ఆ అక్షరాలంటే ఆయనకు ఎంతో ప్రేమ అనుకునేదాన్ని. ఒకసారి అడిగితే కుడిచేయి చాపి చూపించాడు. “తెలుగుల మాట్లాడినమంటే మా ఉర్దూ పంతులు మౌల్సాబు వేళ్ల నడుమ బలపం పెట్టి ఒత్తెటోడు. గట్ల వచ్చిన సదువు ఇది. ప్రేమ లేదు, కోపం లేదు. పండ్లు మొలిచినట్టు మొలిచినయి, ఉన్నయి.”

నాకు కూడా నేర్పమన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. నా కారణం మా బడిలో ఉంది.

మా బడి ఒకే ప్రహరీలో రెండు బడులు. నాలుగు గదులు తెలుగు, ఒక గది ఉర్దూ. ఆ ఒక్క గది మూత్రశాలల పక్కన. ప్రార్థనలు రెండు, వరసలు రెండు, కుళాయి దగ్గర వంతులు రెండు. మధ్యాహ్నం పోసే నీళ్ల సాంబారు మాత్రం అందరికీ సమానంగానే ఉండేది. తెలుగు సార్లు ముగ్గురు. ఉర్దూ గదికి ఒకే మేడం. మైలార్‌దేవ్‌పల్లి నుంచి రెండు బస్సులు మారి, నల్ల బురఖా అంచుకు దుమ్ము కొట్టుకుని వచ్చేది. మా సార్లు ఆమెతో మాట్లాడింది నేను చూడలేదు. రిజిస్టరు ఇచ్చేటప్పుడు కూడా బల్ల మీద పెట్టేవారు, ఆమె బల్ల మీది నుంచి తీసుకునేది.

ఆ గదిలో అయిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది. మా ఇంటి వెనక రేకుల గదుల్లోనే ఉండేవాళ్లు. వాళ్ల నాన్నది కోడికూర దుకాణం. ఆమె పోతుంటే మా తరగతి మగపిల్లలు ముక్కు మూసుకుని, “ఈకల వాసన, ఈకల వాసన” అనేవారు.

ఆమె ఆగి, నడుం మీద చేయి పెట్టి, “ఆదివారం పొద్దుగాల రాండ్రి, మీ అయ్యలంత మా దుకాణం ముంగట లైన్ల నిలవడ్తరు. వాళ్ల ముక్కులు గూడ మూసిపోరాండ్రి,” అనేది.

నాలాంటిదానికి అలాంటి నోరు చూస్తే కడుపు నిండేది. ఒక రోజు కుళాయి దగ్గర తనే నా ముందుకొచ్చి, “నీకు నోరు లేదా, ఉన్నా తాళమేసిండ్రా?” అంది. నేను నవ్వాను. “తెలుగు మంచిగ సదువుతవంట. నాకు నేర్పు.”

ఆమె తెలుగు మాట్లాడేది గానీ అక్షరం రాదు. ఉర్దూ గది అయిదో తరగతితో ఆఖరు. ఆ పైన చదవాలంటే పహాడీషరీఫ్ దాకా పోవాలి. లారీల రోడ్డు దాటి ఆడపిల్లను అంత దూరం పంపేది లేదని వాళ్ల నాన్న తేల్చేశాడు. ఇక్కడే తెలుగు గదిలో ఆరో తరగతిలో చేరుతానని ఆమె మా పెద్ద సారును, అంటే హెడ్మాస్టరును, తానే పోయి అడిగింది. “ఎండకాలం సెలవులకు ముందర తెలుగు వాచకంల ఒక పాఠం ఆగకుంట చదివి చూపియ్యి, రాసుకుంట,” అన్నాడట ఆయన. చదవలేదనే ధీమాతో అని ఉంటాడు. చదవలేకపోతే కోళ్ల దుకాణం, ఆ తర్వాత పెళ్లి. ఆ సంగతి ఆమె ఏడవకుండా, వాన పడుతుందేమో అన్నట్టు చెప్పింది.

నేనూ అయిదో తరగతే, పోయినేటి నా నాలుగో తరగతి వాచకం ఇచ్చాను. వాళ్లమ్మకు ఇష్టం లేదు. “వాళ్ల పుస్తకం మనకు నక్కో, వద్దు,” అని ఒకసారి పొయ్యి దాకా తీసుకుపోయిందట. ఈమె లాక్కుని పరుపు కింద దాచింది.

మా చదువంతా ప్రార్థన గోడ వెనక. గోడకు ముందువైపు సరస్వతమ్మ బొమ్మ, రోజూ తెలుగు పిల్లలం దండం పెట్టేది అక్కడే. వెనకవైపు వంటచెరుకు పేర్చి ఉండేది, పొయ్యిలో మిగిలిన బొగ్గులు దొరికేవి. భోజనాల తర్వాత ఆమె తెలుగులో ఒక వాక్యం రాయాలి, నేను ఉర్దూలో ఒకటి. చదివించుకుని, తడిగుడ్డతో తుడిచేయాలి. ఆమె మొదట రాసిన వాక్యం “నీ జడ ఎలుక తోక.” నేను మా బాపమ్మ మీద రాశాను, మా లెక్కల సారు చెప్పుల మీద రాశాను. తెలుగులో ఎవరినీ ఒక్క మాట అనలేనిదాన్ని ఆ అక్షరాల్లో ఎవరినైనా ఏమైనా అనేదాన్ని. చదివేవాళ్లు ఉండరు కదా అన్న ధైర్యం. అది ధైర్యం కాదని తర్వాత తెలిసింది.

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఎవరో పెద్దాఫీసరు వస్తున్నాడని గోడలకు సున్నం వేశారు. పదకొండు దాటితే పెద్ద సారు కుర్చీలో వెనక్కి వాలి నిద్రపోయేవాడు, ఆ శబ్దం మూడో గది దాకా వచ్చేది. ఆ రోజు నేను తెల్లటి కొత్త గోడ మీద, తాత నేర్పిన పాతకాలం వంపులన్నీ తిప్పి, పెద్ద అక్షరాలతో రాశాను: పెద్ద సారు కుర్చీలో గురక పెడతాడు.

ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. తుడవబోతే పోలేదు. సున్నం ఇంకా పచ్చిగా ఉంది, బొగ్గు దానిలో దిగిపోయింది. ఎంత రుద్దినా చుట్టూ మసి అయింది తప్ప అక్షరాలు అలాగే ఉన్నాయి. బెల్లు కొట్టారు. వంటచెరుకు మోపు ఒకటి అడ్డం పెట్టి పారిపోయాం.

తెల్లారి ఆ మోపు పొయ్యిలోకి పోయింది, రాత బయటపడింది. ప్రార్థనకు ముందే గోడ చుట్టూ మగవాళ్లు చేతుల్లో కట్టెలతో మూగి ఉన్నారు. అందరికన్నా ముందు మా బాపు.

“అమ్మవారి గోడ మీద ఏం రాసుకుంటున్నరు మీరు? ఏందిది? మాకు తెల్వదనుకున్నరా?” అని అరుస్తున్నాడు. నిజంగానే తెలియదు. అక్కడున్న మగవాళ్లలో ఒక్కరికీ ఆ వాక్యం చదవరాదు. చదవరానందుకే అందులో అన్నీ కనబడ్డాయి. ఒకడు తిట్టు అన్నాడు, ఒకడు బెదిరింపు అన్నాడు. ఇంకొకడు “ఊరంత మాదే అని రాసిండ్రు” అన్నాడు, అచ్చంగా చదివినట్టే.

పెద్ద సారు ఉర్దూ మేడాన్ని పిలిపించాడు. ఆమె తన పిల్లల్ని గదిలో పెట్టి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. కోళ్ల దుకాణం పిల్ల మాత్రం ఆమె వెనకే బయటికి జారింది. మేడం గోడ దగ్గరికి పోయి చదివింది. ఆమె పెదవి చివర నవ్వు కదలడం నేను చూశాను. తర్వాత పెద్ద సారు మొహం చూసింది. పదిమందిలో ఆయన గురక సంగతి ఎలా చదువుతుంది? రోజూ ఆయన సంతకం కోసం బల్ల ముందు నిలబడే మనిషి. మర్యాద కోసం ఒక అబద్ధం వెతుక్కుంది.

“ఏం లేదు సార్. పిల్లలు... దువా రాసుకున్నరు. మంచి సదువు ఇయ్యమని.”

అంతకన్నా ప్రమాదకరమైన మాట ఆమెకు దొరికేది కాదు.

“దువానా? సరస్వతమ్మ ఈపు మీద మీ దువానా?” గుంపు ఒక్కసారి ముందుకు కదిలింది. “గది ఖాళీ చేయుండ్రి! ఇయ్యాల్నే! సామాను బయటెయ్యుండ్రి!” ఎవరో ఉర్దూ గది తలుపు తన్నారు. లోపల చిన్నపిల్లలు ఏడుపు అందుకున్నారు. మేడం రెండు చేతులూ ఊపుతూ “కాదన్నా, కాదన్నా, నా మాట ఇను,” అంటోంది. అదే నోటితో ఇప్పుడు నిజం చెప్పినా నమ్మేవాళ్లు లేరు.

నేను మా తరగతి వరసలో, రెండో స్థానంలో నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. ఆ మాట నా దగ్గర ఉంది.

కొడుకు గొంతు విని తాత వచ్చాడు. కర్ర పొడుచుకుంటూ నేరుగా గోడ దగ్గరికి పోయి, కళ్లద్దాలు ఎత్తి పట్టుకుని, గట్టిగా చదివాడు: “బడే మాస్టర్ సాబ్ కుర్సీ మే ఖర్రాటే లేతే.” తర్వాత గుంపు వైపు తిరిగాడు. “పెద్ద సారు కుర్చీల గురక వెడ్తడట. గింతే. దువా లేదు, శాపం లేదు. దీనికోసమా గీ కట్టెలు, గీ లొల్లి?”

ముందు వంట చేసే అక్క నవ్వింది. తర్వాత మా మూడో గది మొత్తం నవ్వింది, ఎందుకంటే ఆ శబ్దం మాకు తెలుసు. మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “నీకు సరిగ్గ కండ్లు గనవడ్తయా బాపూ?” అని మా నాన్న తన తండ్రిని అడిగాడు. “గుడ్డోడినైన నీకంటె మంచిగనే చదువుత,” అన్నాడు తాత.

అక్కడితో అయిపోవాల్సింది. కానీ ఇప్పుడు పెద్ద సారుకు నిజంగా అవమానం జరిగింది. ఆయన మొహం ఎర్రబడింది. “ఎవరు రాసిండ్రు?”

తాత గోడ వైపు మళ్లీ చూశాడు. ఆ వంపులు మేడం దగ్గర చదివే పిల్లలు తిప్పరు. అవి మౌల్సాబు వంపులు, ఆయన వేళ్లలోంచి నా వేళ్లలోకి వచ్చినవి. ఆయన నన్ను చూశాడు. చూస్తూ నిలబడ్డాడు. నేను నా చెప్పులు చూసుకున్నాను.

“నేను రాసిన,” అంది కోళ్ల దుకాణం పిల్ల.

“నువ్వు ఆరో తరగతిల చేరుతనన్నవు గద?” అన్నాడు పెద్ద సారు. “ఇగ చేరినట్టే. టీసీ తీసుకొని పో. నీ మొహం మళ్ల ఈడ కనవడొద్దు.”

మా బాపు “గిప్పుడు మంచిగున్నది,” అన్నాడు. తాను ఓడిపోలేదన్నట్టు.

ఆ రోజు తాత నాతో మాట్లాడలేదు. సాయంత్రం నేనే పోయి పక్కన కూర్చుని, “నువ్వెందుకు చెప్పలేదు?” అని అడిగాను. అడిగింది ఏడుస్తూనే, కానీ నింద మొత్తం ఆయన మీద వేస్తూ.

“నేను చెప్తే చాడీ అయితది. నువ్వు చెప్తే మాట అయితది. నాకెందుకు పెడ్తవు నీ మాట?” అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎన్నో ఏళ్లు ఆయన మీద కోపంగా ఉన్నాను. ఆ కోపం నాకు చాలా సౌకర్యంగా ఉండేది.

మర్నాడు పెద్ద సారు గదికి పోయాను. నోరు పెగలదని తెలుసు కనుక కాగితం మీద తెలుగులో రాసుకుని పోయాను. గోడ మీద రాసింది నేనే, ఆమె కాదు. ఆయన చదివి నవ్వాడు.

“మంచిదానివే. పక్కోళ్ల తప్పు నెత్తిన ఏసుకుంటవా? మీ ఇంట్ల పిల్లకు ఆ రాత ఎట్లొస్తది?”

నేను సుద్దముక్క తీసుకుని ఆయన నల్లబోర్డు మీద అదే వాక్యం, అవే వంపులతో రాశాను. ఆయన చూశాడు. కోడి కెలికినట్టుంది అన్నాడు. ఆయనకు చదవరాదు. నా నేరానికి సాక్ష్యం ఆయన కళ్ల ముందే ఉంది, ఆయనకు అది గీతలు. చివరికి మళ్లీ మేడాన్ని పిలవాల్సి వచ్చింది. ఆమె బోర్డు చూసింది, నన్ను చూసింది. ఈసారి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“పెద్ద సారు కుర్చీల గురక వెడ్తడు, అని రాసింది సార్. గోడ మీది చెయ్యి, ఈ చెయ్యి ఒక్కటే.”

దెబ్బలు పడతాయని చేతులు వెనక్కి పెట్టుకున్నాను. పడాలని కోరుకున్నాను కూడా.

“సరే, చిన్నపిల్లవు. తెల్వక రాసినవు,” అన్నాడు ఆయన. “మీ బాపుకు చెప్పను, పో. మంచిగ సదువుకో.”

అదే వాక్యం. అదే గోడ. రాశానని ఆమె అంటే బడి పోయింది, నేను అంటే చిన్నపిల్లనయ్యాను. మా ఇద్దరికీ నాలుగు నెలలు తేడా, ఆమే చిన్నది.

“ఆరో తరగతి?” అన్నాను. ఆ ఏడాదిలో బయటి పెద్దవాళ్ల ముందు నేను నోటితో అన్న మాటలు ఆ రెండే.

“ఆ పిల్ల ఒప్పుకున్నది గద? ఒప్పుకున్నంక ఇగ ఏముంటది?”

ఇప్పటికీ ఆ రోజు లెక్క వేసుకుంటాను. గోడ ముందు నిలబడ్డ వాళ్లలో ఆ వాక్యం చదవగలిగినవాళ్లం నలుగురం. మేడం మర్యాదకు పోయింది. తాత ఆలస్యంగా వచ్చాడు. నేను చెప్పులు చూసుకున్నాను. మిగిలిన ఆమె ఒక్కతే ముందుకొచ్చి మాట్లాడింది, అదీ అబద్ధం. చదవరానివాళ్ల మీద నాకు కోపం ఉంది. “ఏం రాశావమ్మా” అని ఒక్క పిల్లను పక్కకు పిలిచి అడగాలని తోచనివాళ్ల మీద ఇంకా ఉంది. చదవడం వచ్చీ నోరు మూసుకున్న దాని మీద ఉన్నది మాత్రం వేరే. అది తగ్గదు.

ఆ సాయంత్రం రేకుల గదుల దగ్గరికి పోయాను. ఆమె గడప మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది.

“సారుకు చెప్పిన. నేనే రాసినని చెప్పిన,” అన్నాను.

“ఏమన్నడు?”

“ఏమనలేదు.”

“నిన్న చెప్పేదుండె,” అంది. తల ఎత్తలేదు. “ఇయ్యాల చెప్తే ఏం జేస్కోవాలె నేను? కూరల ఏస్కోవాలెనా?”

లోపలి నుంచి వాళ్లమ్మ ఎవరని అడిగింది. “ఎవరు లేరు,” అంది. నేను వెళ్లిపోతానేమో అని చూసింది. నేను వెళ్లలేదు. “పుస్తకం కోసం వచ్చినవా? ఇయ్య. అది నాది ఇప్పుడు.” లేచి వెల్లుల్లి పళ్లెం తీసుకుని లోపలికి పోయి, నా మొహం మీదే తలుపు వేసింది.

కాసేపటికి లోపల చదవడం మొదలైంది. కావాలనే గట్టిగా, ఎవరినో కొడుతున్నట్టు చదువుతోంది. వాన మీద పాఠం. మబ్బులు వచ్చాయి, రైతులు నాగళ్లు తీశారు, పిల్లలు... ఒక మాట దగ్గర ఆగింది. మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ ఆగింది.

“ఉత్సాహం!” అని నేను బయటి నుంచి అరిచాను. పక్క గదుల వాళ్లు తలలు బయటికి పెట్టి చూశారు. నేను వీధిలో నిలబడి అరవడం అదే మొదటిసారి.

“నాకు తెలుసు! పో!” అని లోపలి నుంచి కేక వచ్చింది.

ఎండాకాలం సెలవులు అయ్యేసరికి ఆ గదికి వేరే తాళం పడింది. కాటేదాన్ వైపు పోయారని ఒకరన్నారు, పాతబస్తీకి పోయారని ఒకరన్నారు. అడిగే నోరు నాకు లేదు. మరుసటి ఏడు ఉర్దూ గదిలో బియ్యం బస్తాలు వేశారు. మేడం ఏ బడికి పోయిందో ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు మా ఊరి పెద్దమనుషులు మైకు దొరికితే చాలు, ఒకప్పుడు మేమంతా ఎంత కలిసిమెలిసి ఉండేవాళ్లమో చెబుతారు. నేను వెనక వరసలో కూర్చుని వింటాను.

ఆ సాయంత్రం ఆమె పొమ్మన్నా నేను పోలేదు. తలుపు అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. పాఠాన్ని మళ్లీ మొదటి మాట నుంచి మొదలుపెట్టింది. మబ్బులు వచ్చాయి, రైతులు నాగళ్లు తీశారు, పిల్లలు ఉత్సాహంగా వీధిలోకి పరుగెత్తారు. ఈసారి చివరి వాక్యం దాకా ఎక్కడా ఆగలేదు. పెద్ద సారు అడిగింది సరిగ్గా అదే. సెలవులకు ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయి. వినడానికి వీధిలో నేను ఒక్కదాన్నే ఉన్నాను.